సోము అక్క
మహాశ్వేతాదేవి గారు 1974లో రాసిన ‘హజార్ చురాశిర్ మా’లో కొడుకు బ్రతి 1084 నెంబరు శవమయ్యాక కుమిలిపోయే సుజాతను తలుచుకుని మనం ఏడుస్తాం. ఏడవాల్సిందే! 1998లో సినిమాగా వస్తే జయాబచ్చన్ ఆ తల్లిగా వేసింది.

తమ్ముడు పోయిన తేదీనాడే నిశ్చితార్థం చేసుకునే తులి సంగతి వదిలేద్దాం. నా మనసు మాత్రం బ్రతితోపాటే చచ్చిపోయిన సోము అక్క దగ్గర ఆగిపోయింది. ట్యూషన్లు చెప్పి ఇల్లీడుస్తూ, సుజాత వస్తే మొహం ముడుచుకుంటుందా పిల్ల. గయ్యాళి అనేద్దామా?

శ్రీకాకుళం కబుర్లు వినొచ్చే రోజుల్లో మా పెద్దాపురంలో ఒకావిడ, తమ్ముడు నిద్రపోయాక వాడి పుస్తకాల సంచీ వెతికేది. పొద్దున్న అన్నం వడ్డిస్తూ ఒక్కమాటా అడగలేకపోయేది. అందుకే, రచయిత్రి ఆ అక్కని గుమ్మందాకా తెచ్చి వదిలేశారని నా ఫిర్యాదు. మరికాస్త మాట్లాడనివ్వాల్సింది.