విద్యుత్తుతో మూలకణములు మేల్కొనునా?

కంటిలో సున్నము పడినచో కొంతకాలమునకు నల్లగ్రుడ్డుపై తెల్లని పొర క్రమ్ముట గ్రామములలోని ఉపాధ్యాయులు ఎరిగినదే. నల్లగ్రుడ్డును కప్పియుండు శుక్లపటలము అంచున మూలకణములు ఉండును. పైపొర అరుగుచుండగా కొత్త కణములను పంపునవి ఇవే. సున్నము వీనిని కాల్చివేయగా తెల్లగ్రుడ్డు పొర రక్తనాళములతో సహా లోనికి ప్రాకును.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ తన మొదటి గ్రామీణ కేంద్రమును 1996లో ఆదిలాబాదు జిల్లా ముథోలులో (నేడిది నిర్మల్ జిల్లా) నెలకొల్పినది. 2001 నుండి ఆ సంస్థవారు హైదరాబాదులో, రోగి మంచి కంటి అంచునుండి కణములు తీసి, పెంచి, చెడిన కంటిలో నాటుచు వచ్చిరి. 2011లో ప్రకటించిన లెక్కలో 200 మందిలో 71 శాతమునకు ఫలితము నిలిచినది. 2012లో డాక్టరు సంగ్వాన్ మున్నగువారు ఇంకను సులువైన పద్ధతి చూపిరి: రెండు మిల్లీమీటర్ల ముక్కను తునుకలు చేసి, ఉల్బపొరపై జిగురుతో అంటించుటే. ఇందులో విద్యుత్తు లేదు.

ఇట్టి కణములను విద్యుత్తుతో "ఉత్తేజపరచవచ్చు"నను వ్రాతలు ఇటీవల విరివిగా కనిపించుచున్నవి. అందులో కొంత నిజమున్నది. 1843లోనే జర్మనుడు డూబ్వా రేమాన్ తన వ్రేలి గాయమునుండి పారు కరెంటును కొలిచెను. శుక్లపటలపు పైపొరకు లోపల వెలుపల కొన్ని పదుల మిల్లీవోల్టుల తేడా ఉండును. పొర చిరిగిన చోట ఆ తేడా కూలి, గాయమధ్యము ఋణధ్రువమగును. ఆవు కంటిపై ఈ క్షేత్రము మిల్లీమీటరుకు సుమారు 40 మిల్లీవోల్టులని తేలినది. గాజుపళ్ళెములో మానవ శుక్లపటల కణములు సరిగా ఋణధ్రువము వైపే నడచును. ముచ్చటైన పొందికయే!

ఐతే నడచుట వేరు, సంఖ్యలో పెరుగుట వేరు, మరొక జాతి కణముగా మారుట వేరు. మూటిని ఒక్క మాటలో ఇరికించుటయే ఈ వ్రాతల పెద్ద లోపము. నడకలోనైనను ఏకత లేదు. 2011 నాటి ప్రయోగములలో మానవుని ఎముక మూలుగలోని మూలకణములు ధనధ్రువము వైపు సాగినవి. పెరిగిన కణములను వెనుకకు మరలించి చేసిన మూలకణములును అటే పోయినవి. పిండమునుండి తీసినవి మాత్రము ఋణధ్రువమునకు పోయినవి.

మరియొక చిక్కు బడిలోనే చూడదగినది. పసుపు కలిపిన ఉప్పునీటిలో, వరుసగా కూర్చిన నాలుగు టార్చి సెల్లుల తీగలను ముంచినచో, ఋణధ్రువము చెంత నీరు ఎర్రబారును. అచట క్షారము పుట్టినదన్నమాట. ధనధ్రువమున క్లోరిను పుట్టును (దీనిని గాలి ఆడుచోట చేయవలెను). కణముల పళ్ళెములోను ఇదే జరిగినచో, కణము స్పందించినది విద్యుత్తునకా, క్షారమునకా? జాగరూకులు తీగలను దూరముంచి, ఉప్పు కలిపిన అగరు గొట్టముల ద్వారా కరెంటు పంపుదురు. ఇట్టి నివేదికలో మొదట వెదకవలసినది ఆ గొట్టముల ప్రస్తావనయే. కొన్ని వార్తలలో కరెంటు ఎంతయో కూడ ఉండదు.

ఒక కన్ను మిగిలినవానికి రెండు మిల్లీమీటర్ల ముక్క చాలును. రెండు కండ్లును కాలినవానికి తన కణములు దొరకవు. మిగిలిన కొద్ది కణములను కరెంటు పెంచగలదేని అది మొదట అక్కరకు వచ్చునది ఇతనికే. నడకను చూపిన పళ్ళెము ఆ పెరుగుదలను ఇంకను చూపలేదు.