కొలువులో ఘటోత్కచుడు

బొమ్మల కొలువులో చలనచిత్ర పాత్రలకు తావీయవచ్చునా యని పెద్దలు కొందరు సందేహించుట కలదు. మా మట్టుకు ఆ సందేహము లేదు. దేవతల బొమ్మలు పై మెట్లపై నుండగా, క్రింది మెట్లపై చెట్టియారు దంపతులు పప్పుదినుసులు పరచుకొని కూర్చుండుట మనకు అలవాటే. అట్టి కొలువునకు భీముని కుమారుడు పరాయివాడు కాడు. చెన్నపురిలో ఒక తెలుగింట గడచిన దసరాకు మేము చూచిన జానెడు మట్టిబొమ్మ ‘మాయాబజారు’ చిత్రములోని ఘటోత్కచునిది. దానికి రంగులు వేసినది ఆ ఇంటివారే.

కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు 1957లో తీసిన ఆ చిత్రము నలుపు తెలుపులది. కావున కుంచె పట్టినవారికి తెర సగము సాయమే చేయును. రంగారావుగారి మీసము, కిరీటము, గద, విస్తరి ముందు కూర్చున్న ఠీవి, ఇవన్నియు తెరయే చెప్పును. దేహము నలుపో నీలమో చామనచాయయో చెప్పదు. ఆ లోటును పూరించుటకు మనకు వేరొక సంప్రదాయము కలదు. తోలుబొమ్మలాటలో రాముడు నీలము, హనుమంతుడు ఆకుపచ్చ; రంగే పాత్రను తెలుపును. ఈ బొమ్మకు తొలుత రంగు వేసిన పెద్దావిడ ఆ త్రోవనే పట్టి దేహమునకు ముదురాకుపచ్చ పూసినదట. 2010లో చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. అది చూచిన మనుమలు, అసలు రంగు తెలిసినదని సంతసించి, ఆకుపచ్చపై మనుష్యుల మేనిచాయ పూసిరి.

ఇది మాకు నచ్చలేదు. 2010 నాటి రంగులును ఊహించి అద్దినవే. 1957లో తెరమీద అవి లేవు. ఒక ఊహ కొరకు మరియొక ఊహను, అందును ఇంటి పెద్దావిడ ఊహను, చెరిపివేయ నేల? మునుపటి బొమ్మ అసురుడు. ఇప్పటిది రంగారావుగారి ఛాయాచిత్రమునకు నకలు. ఆ మహానటుడు సయితము పాత్రలో తానై కనబడుటకు ఒప్పుకొనియుండడు.

పనితనమున మెచ్చదగినవి లేకపోలేదు. జానెడు బొమ్మపై దీపపు వెలుగు లోతైన నీడలు కల్పింపజాలదు; ఆ నీడను కుంచెయే వేయవలెను. పొట్ట ముడుతలందును కనుబొమల క్రిందను మనుమరాలు సన్నని గోధుమవన్నె గీతలు దిద్ది ఆ లోపమును తీర్చినది. కన్నులు మరీ బాగున్నవి. ఆకలియు నవ్వును ఒక్కచోటనే యున్నవి. కాని దేహమంతటికి ఎనామిలు పూయుటచే వీరుడు చెమట పట్టినట్లు మెరయుచున్నాడు. ఆ మెరుపు నగలకును గదకును మాత్రమే విడువవలసినది.

చెట్టియారు అంగడి ప్రక్కనే ఇతనిని కూర్చుండబెట్టుట చమత్కారము. పాపము, ఆ అంగడి మరునాటికి మిగులునా యనిపించును!

పేరంటమునకు వచ్చిన అరవ స్త్రీలు బొమ్మను చూడగనే గుర్తించిరి. ఆ చిత్రమును అదే యేట అరవమునను తీసిరి. అందును ఘటోత్కచుడు రంగారావుగారే. ఇంటి పిల్లవాడు వారికి అరవముననే కథ చెప్పెను, చక్కగనే చెప్పెను. కాని పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన ‘అసమదీయులు’, ‘వీరతాడు’ వంటి మాటల కడకు వచ్చుసరికి వానికి దారి తోచలేదు. నాయనమ్మ తెలుగున అందుకొనినది. పిల్లవాడు ఆ మాటలను రెండు మూడు సారులు తనలో తాను అనుకొనుట మేము వింటిమి. బొమ్మ లేకున్న ఆ సాయంకాలము ఆ మాటలు ఆ ఇంట పలుకబడియుండునని మేము తలపము.

రానున్న దసరాకు మాయాశశిరేఖ బొమ్మను చేయింతురట. అది మిక్కిలి కష్టమైన పని. ముఖము సావిత్రిది, లోపలనున్నవాడు ఘటోత్కచుడు. ఏ రంగును ఆ సంగతి చెప్పజాలదు. మా సలహా యొక్కటే: ముఖముకన్న పాదముపై శ్రద్ధ యుంచుడు. పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు త్రొక్కినది ఆ పాదమే కదా.