వంతెన మీంచి కనిపించని మూసీ

మూసీ మీద తెలుగులో వచ్చిన కవితలు చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తుంది: వీటిలో చాలావరకు వంతెన మీద నిలబడి రాసినవి. నయాపుల్ మీదో, చాదర్‌ఘాట్ దగ్గరో కవి ఆగుతాడు. కంపు భరించలేక మొహం తిప్పుకుంటాడు, ఒకప్పటి తేటనీళ్లని తలుచుకుంటాడు. ‘తల్లీ’ అని మొదలుపెట్టి ‘మురికి కాలువ’ దగ్గర ఆపుతాడు. ఆ బాధ అబద్ధమని అనను. కానీ వంతెన మీంచి చూస్తే నది వెడల్పు కనిపిస్తుందే తప్ప పొడవు కనిపించదు.

పొడవు చూద్దాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, దాదాపు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది మూసీ. హైదరాబాద్ అందులో ఒక ముక్క. ఆ ముక్క మొదట్లోనే, లంగర్‌హౌస్ దగ్గర, ఈసీ వచ్చి కలుస్తుంది. ఈసీ అనే పేరు మీకు ఎన్ని కవితల్లో తగిలింది?

1908 సెప్టెంబరు వరదనే తీసుకోండి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు అందులో కొట్టుకుపోయారు. తర్వాత ఆయన రాసిన కవిత వంతెన మీంచి రాసింది కాదు, నీళ్లలోంచి రాసింది. ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయని అడగడం ఆయన పని కాదు. ఆ పని మరుసటి ఏడాది వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేశారు. పైన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ, అందులో ఎక్కువ ఈసీ వైపువేననీ లెక్క తేల్చారు. ఆ లెక్కలోంచే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరం మీద పడింది ఒక్క నది కాదన్నమాట, నదితో పాటు రెండొందల పైచిలుకు ఊరచెరువులు కూడా. తెల్లారి కట్ట తెగిన చెరువు ముందు నిలబడ్డ ఆ ఊళ్ల కథ మాత్రం నేను చదివినంతలో ఎక్కడా కనపడలేదు.

అందుకే ఒక చిత్రమైన మాట అంటాను. మూసీ పరీవాహకం మీద మన కాలంలో వచ్చిన అతి ముఖ్యమైన రచన ఒక జీవో. 1996లో వచ్చిన జీవో 111. ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. అందులో ఉపమానాల్లేవు, ఊళ్ల పేర్లున్నాయి. శంకర్‌పల్లిలో పడ్డ చినుకు కూడా మూసీయే అన్న ఎరుక ఉంది. మన కవిత్వంలో నాకు దొరకనిది అదే. 2022లో ఇంకో జీవో వచ్చి, షరతులు పెట్టి ఆ ఆంక్షలు ఎత్తేసింది. ఆ 84 ఊళ్లు మన కథల్లోకి, నవలల్లోకి ముందే వచ్చి ఉంటే ఆ జీవో ఆగేదని కాదు. కనీసం పోతున్నదేమిటో మనకి తెలిసేది.

ఇంకో మెలిక ఉంది. ఇవాళ మూసీ పరీవాహకం అనంతగిరి దగ్గర ఆగట్లేదు. నాగార్జునసాగర్ వెనక నుంచి కృష్ణ నీళ్లని ఎత్తిపోసి హైదరాబాద్‌కి తెస్తున్నాం. మంజీర, గోదావరి నీళ్లూ వస్తున్నాయి. వాడుకున్నాక అవి మూసీలో పడతాయి. ఎండాకాలంలో కూడా నగరం దిగువన మూసీ పారుతోందంటే మన బాత్రూముల పుణ్యమే. ఆ నీళ్లని కత్వల దగ్గర కాల్వల్లోకి మళ్లించి కింది రైతులు వరి, పశువుల గడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న పశువుల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. మిగిలిన నీళ్లు వాడపల్లి దగ్గర, సాగర్ డ్యామ్‌కి దిగువన, తిరిగి కృష్ణలో కలుస్తాయి. కృష్ణ నుంచి కృష్ణకి, మధ్యలో మన ఇళ్ల మీదుగా! ఇంత కథ ఉన్న నదిని ‘మురికి కాలువ’ అని రెండు మాటల్లో తేల్చేస్తే ఎలా?

ఇది ఒట్టి సాహిత్య చర్చ కాదు. నది సుందరీకరణ పేరుతో నగరంలోని 55 కిలోమీటర్ల మూసీ గురించి ఇప్పుడు పెద్ద మాటలు నడుస్తున్నాయి. ఒడ్డున ఉన్నవాళ్ల ఇళ్లు కూలాయి కూడా. ‘మూసీకి పూర్వవైభవం’ అన్నది కవి మాటా, బ్రోచర్ మాటా ఒకటే కావడం నాకు ఇబ్బందిగా ఉంది. నోస్టాల్జియాకి ఆ ఒడ్డున ఉంటున్నవాళ్లూ కనపడరు, దిగువన ఆ నీళ్లు తాగుతున్న పొలాలూ కనపడవు.

చరిత్రకారుడు బి.ఎన్. శాస్త్రి తన పత్రికకి ‘మూసీ’ అని పేరు పెట్టుకున్నారు. ఆయనది నల్లగొండ జిల్లా. అటునుంచి చూస్తే మూసీ హైదరాబాద్ ఆస్తి కాదు, హైదరాబాద్ దాటి వచ్చే నది. ఆ వైపు నుంచి ఒక నవల చదవాలని ఉంది నాకు. వలిగొండ దగ్గర నాట్లు వేస్తూ, కాళ్లు దురద పెడుతుంటే, పైన ఎవరు ఏం వదిలారో నీళ్ల రంగు చూసి చెప్పగల మనిషి అందులో ఉండాలి. నగరం గురించి ఆమెకి తెలిసినంత మనకి తెలీదు.