విద్యుత్ పనివాని శిష్యరికము

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారి వెంట పాల్మాకుల చేరువరకు రాత్రివేళ కనుచూపు మేర దీపములే. 2008 మార్చిలో విమానాశ్రయము తెరచినది మొదలు ఈ నేలపై గిడ్డంగులు, హోటళ్ళు, అపార్టుమెంట్లు ఒకదాని వెనుక నొకటి లేచినవి. ముచ్చింతలలో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజాచార్య విగ్రహము చీకటి పడగానే దీపకాంతులతో మెరయును. చూచి చేతులు జోడించువారు అసంఖ్యాకులు. ఆ కాంతికి తీగ లాగిన చేతిని గూర్చి అడుగువాడొక్కడును లేడు. గుడి కట్టిన శిల్పిని కీర్తించిన జాతి, ఇంటింట దీపము వెలిగించు పనివానిని ‘కరెంటాయన’ యని పిలిచి పని ముగియగానే మరచిపోవుట నాకు మొదటినుండియు బాధ కలిగించు విషయము. అతడెట్టి చదువు చదివి ఆ పనిముట్టు పట్టెనో తెలిసినచో మన చూపు మారునని నా నమ్మకము.

చరిత్రమును రెండు మాటలలో ముగింపవచ్చును. 1910లో నిజాము సర్కారు విద్యుచ్ఛాఖను నెలకొల్పినది. 1920లో హుస్సేన్‌సాగరు గట్టున థర్మలు కేంద్రము లేచినది. ఆనాటి మేస్త్రీలు దొరల వెంట నిచ్చెనలు మోసి పని నేర్చిరని పెద్దలు చెప్పగా విన్నాను. 1950లో కేంద్రప్రభుత్వము వృత్తిశిక్షణ పథకమును ప్రారంభింపగా ఐటీఐలు వెలసినవి. 1961 నాటి అప్రెంటిసుల చట్టము కర్మాగారముల తలుపులను శిష్యులకు తెరచినది. పదవ తరగతి గట్టెక్కిన పిల్లవాడు ఐటీఐలో రెండేండ్లు ఎలక్ట్రీషియను ట్రేడు చదివి, పిదప ఏదేని సంస్థలో ఏడాది అప్రెంటిసుగా పనిచేయుట నేటి క్రమము. హైదరాబాదులోని మల్లేపల్లి ఐటీఐ పేరు వినగానే ఛాతీ విరుచుకొను మేస్త్రీలు ఈ ప్రాంతమున నేటికిని కలరు. నేను వారి పక్షమువాడనే.

చేరిన పిల్లవాడు తొలినాడే మీటరు పట్టుకొందునని ఆశపడును. అతని చేతికి వచ్చునది ఆకురాయి. వైసులో బిగించిన ఇనుపముక్కను రాచుట, మూలమట్టమానించి వెలుతురు కెదురుగా పట్టి చూచుట, సందున వెలుతురు తొంగిచూచినచో మరల రాచుట, ఇదియే మొదటి పాఠము. ఆ వెంటనే రంపము, ఉలి, చెక్కపని, రేకుపని. ‘కరెంటు నేర్వబోతే ఇనుము రాపిస్తున్నరు’ అని ఇంటికి పోయి మొఱపెట్టుకొను పిల్లలు లేకపోలేదు. కాని పెద్ద ప్యానెలులో రెండు రాగి పట్టీలను ఒకదానిపై నొకటి చేర్చి బోల్టు బిగించునాడు, వాని ముఖములు సమతలముగా లేనిచో కరెంటు ఆనిన చోటనే గుమిగూడి, ఆ చోటు వేడెక్కి, తుదకు మాడిపోవునని తెలిసినప్పుడు, ఆకురాయి పట్టించిన గురువునకు మనసులోనే నమస్కరింపని శిష్యుడుండడు.

తరువాత తీగల జాయింట్లు. పిగ్‌టెయిల్, టీ, మ్యారీడ్, బ్రిటానియా, వెస్టర్న్ యూనియన్ అని వానికి పేర్లు. ఇందు ఏడు పోగుల తీగతో వేయు మ్యారీడ్ జాయింటును నిపుణుడైనవాడు వేయుచుండగా చూచుట కన్నులపండువు. అతడు పై తొడుగును కత్తితో ఏటవాలుగా చెక్కితీయును గాని చుట్టును అడ్డముగా కోయడు. కత్తి రాగిపై గాటు పెట్టెనా, ఏనాటికైనను తీగ ఆ గాటు వద్దనే తెగును. గరుకు కాగితముతో పోగులను మెరయునట్లు తుడిచి, కొనలను గొడుగు ఊచలవలె విప్పి, ఎదురెదురుగా నిలిపిన రెండు తీగల పోగులను ఒకదాని సందున నొకటి చొప్పించి, ఒక తీగ పోగులను కుడికిని రెండవ తీగ పోగులను ఎడమకును ఒత్తుగా చుట్టి, కొసలు పైకి పొడుచుకొనకుండ ప్లయరుతో నొక్కివేయును. ఫ్లక్సు పూసి టంకము పోసినప్పుడు అది పైపైన ముద్దగట్టక పోగుల లోపలికి నీరువలె పారవలెను. గురువు రెండు కొనలను పట్టి గట్టిగా లాగి చూచి, ఏమియు అనక తిరిగి ఇచ్చినచో పని కుదిరినట్లు. ఆ మౌనమునకై శిష్యుడు పది తీగలను పాడుచేసికొనుటకైనను సిద్ధపడును.

ఇండ్ల వైరింగు పాఠములో నాకు టేకు పట్టీలపై వేయు బ్యాటెన్ వైరింగుపై ప్రత్యేకాభిమానము కలదు. అడ్డముగా పోవు తీగకు పది సెంటీమీటర్లకొక క్లిప్పు, నిలువుగా పోవు తీగకు పదునైదు సెంటీమీటర్లకొక క్లిప్పు. ఒక్కటి వంకరపోయినను గదిలో నిలిచిన ప్రతివానికిని కనబడును. ఆ పనికి దాపరికము లేదు. నేటి గోడలోని పైపు సమస్త పాపములను దాచును. గొప్ప మేస్త్రీలు పాతనగరపు ఇండ్లలో కొట్టిన పట్టీలు దారము పట్టినట్లు సూటిగా నుండుట చూచి, నేను మెడ నొప్పెత్తువరకు నిలిచిపోయిన సందర్భములు కలవు. పిల్లలు నేర్చు సర్క్యూట్లలో గోడౌను వైరింగు మరియొక ముచ్చట: గిడ్డంగిలో ముందుకు పోవుకొలది ఒక్కొక్క స్విచ్చు వేయగా ముందరి దీపము వెలిగి వెనుకటిది ఆరిపోవును, తిరిగి వచ్చునప్పుడు అదే వరుస తారుమారగును. శంషాబాదు గిడ్డంగులలో దీనిని ఎందరు వాడుచున్నారో గాని, దీనిని స్వయముగా గీసి బిగించిన పిల్లవానికి కరెంటు దారి కంటికి కట్టినట్లగును. స్విచ్చు ఫేజు తీగపైననే ఉండవలెను, న్యూట్రలుపై ఉండరాదు. ఒక దీపముల సర్క్యూటుపై పది పాయింట్లు గాని 800 వాట్లు గాని మించరాదు. పని ముగిసిన పిమ్మట 500 వోల్టుల మెగ్గరు తిప్పి ఇన్సులేషను చూడవలెను. ఇవి అతడు నిద్రలో లేపి అడిగినను చెప్పవలసిన మాటలు.

అయితే ఈ చదువున కంతటికిని శిఖరము మోటారు వైండింగు. 36 గాళ్ళు, నాలుగు పోలులు గల మూడు ఫేజుల మోటారును తీసికొందము. ఒక్కొక్క పోలునకు తొమ్మిది గాళ్ళు. ఒక్కొక్క గాడి ఇరువది విద్యుత్ డిగ్రీలు. ఫేజునకును ఫేజునకును నూట ఇరువది డిగ్రీల ఎడముండవలెను గనుక, ఎర్ర ఫేజు మొదటి గాడిలో మొదలైనచో పసుపు ఏడవ గాడిలోను, నీలము పదుమూడవ గాడిలోను మొదలగును. ఈ లెక్క నోటికి వచ్చిన పిదప ఒక్కొక్క గాడిలో ఇన్సులేషను కాగితము పరచి, ఎనామిలు గీసికొనకుండ ఒక్కొక్క తీగను దింపి, కాయిళ్ళ కొసలు కలిపి, వార్నీషు పోసి ఆరబెట్టవలెను. బోరుబావి మోటారైనచో కష్టము మరింత హెచ్చు. తొడుగు గల తీగను గాడి పొడవునా ఈ కొననుండి ఆ కొనకు దూర్చి లాగవలెను. నేనెరిగిన ఒక వైండింగు మేస్త్రి, కాలిన మోటారును విప్పి, నల్లబడిన కాయిలును చేత బట్టి, ఇది ఒక ఫేజు పోయి కాలినదో, ఓవర్లోడుతో కాలినదో, నీరు చొరబడి కాలినదో మీటరు తాకకుండ చెప్పును. ‘ఎట్లనన్న రేపటికల్ల జెయ్యి అన్నా, మడి ఎండుతున్నది’ అని రైతు బ్రతిమాలును. ‘చేస్త గని పటేలా, చుట్లు తగ్గించి చెయ్య’ అని అతడనును. పదిచుట్లు తగ్గించిన పని త్వరగా ముగియును, రాగియు మిగులును. నెలలోపల మోటారు మరల అంగడికి వచ్చును. ఆ ఒక్క మాటలో ఆ మేస్త్రి ధర్మమంతయు నున్నది.

ఈ విద్యకు మూలపురుషుడైన మైకేల్ ఫారడే సైతము అప్రెంటిసే యని మన పిల్లలకు చెప్పుచున్నామా? కమ్మరి కొడుకు, పదునాల్గవ యేట లండనులో పుస్తకముల బైండరు వద్ద చేరి, ఏడేండ్లు శిష్యరికము చేసి, బైండు చేయవచ్చిన పుస్తకములనే చదివి విద్యుత్తును గూర్చి తెలిసికొన్నవాడు. 1831లో ఇనుప కడియముపై, గుడ్డయు దారమును అడ్డుపెట్టి, రాగి తీగను తన చేతితో చుట్టి అతడు కనిపెట్టిన ధర్మమే నేటి ప్రతి ట్రాన్స్‌ఫార్మరునకును ప్రాణము. ఆ కడియము చుట్టిన చేయియు, మన మేస్త్రి చేయియు ఒకే వంశమునకు చెందినవని నేను నిస్సంకోచముగా చెప్పగలను.

స్తంభము విషయమును విడువరాదు. లైన్‌మను కొలువునకు వ్రాతపరీక్షయొక్కటే చాలదు, స్తంభమెక్కి చూపవలెను. ఆ కొలువు పురుషులకే యని నోటిఫికేషను చెప్పగా, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష హైకోర్టు తలుపు తట్టి, ఎనిమిది మీటర్ల స్తంభమును ఎక్కి దిగి, 2022లో తెలంగాణమున తొలి మహిళా లైన్‌మనుగా నియమింపబడినది. విజయవాడ థర్మలు కేంద్రమునకు విద్యుద్రంగపు పెద్దయైన నార్ల తాతారావు గారి పేరు పెట్టుకొన్నాము, అది యుక్తమే. ఈమె పేరు ఒక్క ఐటీఐ గోడపైననైనను వ్రాసికొనుటకు మనకు చేయి రాదా?

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి చూడుడు. కొన్ని వారముల శిక్షణతో సర్టిఫికెట్టు చేతబట్టుకొని వచ్చినవాడు తక్కువ కూలికి ఒప్పుకొనును. బిల్డరు వానికే పని ఇచ్చును. మూడేండ్లు చదివినవాడు వాని వెనుక నిలిచియుండును. జాయింటనగా రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టుటయే యని ఆ సర్టిఫికెట్టువాని నమ్మకము. అంగడిలో రాగి రంగు పూసిన అల్యూమినియము తీగ రాగి పేరుతో అమ్ముడుపోవుచున్నది. దొంగ ఐఎస్ఐ ముద్రకు కొదవ లేదు. అన్నిటికంటె ఘోరము ఎర్తింగు. రెండున్నర మీటర్ల జీఐ పైపును నిలువున పాతి, బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా పోసి, నీరు పోయు గరాటు అమర్పవలెనని చదువులో నేర్పుదురు. మా ప్రాంతపు నేల రాతినేల. నాలుగడుగులకే గునపము గంగుమనును. అప్పుడు పైపును నిలువునకు ముప్పది డిగ్రీలు మించకుండ వాల్చి పాతవచ్చునని ప్రమాణగ్రంథమే దారి చూపినది. ఆ దారి ఎవరికి కావలెను? మూరెడు కడ్డీ గుచ్చి, పచ్చతీగ చుట్టి, పైన సిమెంటు పూసి పోవుదురు. అసలు మెగ్గరు ముట్టకుండనే టెస్టు రిపోర్టులపై సంతకములు పడుచున్నవి. గీజరు ముట్టిన ఇల్లాలు, కూలరు ముట్టిన పసివాడు ప్రాణము విడిచినారని పత్రికలో చదివి ‘కరెంటు షాకు’ అని నిట్టూర్చి పేజీ తిప్పుచున్నాము. అది షాకు కాదు. ఎర్తు తీగ ఎగవేసిన హత్య.

2024లో తెలంగాణ ప్రభుత్వము టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చుటకు మల్లేపల్లిలోనే పని మొదలిడినది. రోబోలు రావలెను, సోలారు రావలెను, విద్యుత్ వాహనములును రావలెను, నేను వలదనను. కాని ఆ సందడిలో వైసును, ఆకురాయిని, వైండింగు బల్లను మూలకు నెట్టవలదని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. ముప్పదిమందియు అంతకుమించియు సిబ్బంది గల సంస్థ నూటికి రెండున్నర వంతునకు తగ్గకుండ అప్రెంటిసులను చేర్చుకొనవలెనని చట్టమే చెప్పుచున్నది. విమానాశ్రయము చుట్టునున్న గిడ్డంగులు, హోటళ్ళు ఆ చట్టమును మనసు పెట్టి పాటించినచో పాల్మాకుల పిల్లవాడు పనికై మల్లేపల్లి దాటి ఎక్కడికిని పోనక్కరలేదు. ఇక కొత్త ఇంటి తాళముచెవి అందుకొను గృహస్థులారా, టైల్సు మెరుపును, మోడ్యులరు స్విచ్చుల రంగును తరువాత చూచుకొనవచ్చును. ముందు వైరింగు చేసినవాని పర్మిటు చూపుమని అడుగుడు, మీ కన్నులయెదుట మెగ్గరు తిప్పించి అంకె చదివించుడు, ఎర్తు గొయ్యి ఎక్కడనున్నదో చూపించుకొనుడు, ఆ మూడును చూపిన తరువాతనే ఆఖరి వాయిదా చెల్లింపుడు.