సగం ఇంటి పిల్ల

శాంతంగా బ్రతికే ఆదిమజాతి ఎక్కడో వున్నదనీ, వారిని చూసి మనం బాగుపడాలనీ చెప్పే పుస్తకాలు యీ దేశంలో చాలానే వచ్చాయి. ఉర్సులా లెగ్విన్ 1985లో ప్రచురించిన ‘ఆల్వేస్ కమింగ్ హోమ్’ వాటికన్న నిజాయితీ గలది. కెష్ అనే తన జాతి కల్పితమని, ఎన్నో యుగాల తర్వాత ఉత్తర కాలిఫోర్నియాలో వుండబోయేదని ఆవిడ మొదటే చెప్పేసింది. చోటు మాత్రం నిజమైనదే, నాపా లోయ. ఆవిడ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసుల భాషలను, ఆచారాలను నమోదుచేసిన పండితుడు. కూతురు అదే శ్రద్ధతో లేని జాతికి పాటలు, వంటలు, నిఘంటువు సమకూర్చింది. పాటలకొక క్యాసెట్టు కూడా!

కెష్ వారికి రాజు లేడు, పోలీసు లేడు, జైలు లేదు. ఊరి వ్యవహారాలు కూర్చుని మాట్లాడి తేల్చుకుంటారు. మన సంఘాల సర్వసభ్య సమావేశాలు చూసినవారు నవ్వుకోవచ్చు. ప్రతివారూ అయిదు ‘ఇళ్ల’లో ఒకదానికి చెందుతారు. మన గోత్రంలాంటిదే గాని తల్లినుంచి వస్తుంది. మనం వేళాకోళం చేసే ఇల్లరికం అక్కడ మర్యాద. మన భాషలో ధనవంతుడు ‘వున్నవాడు’. వారి భాషలో సంపదకూ ఇవ్వడానికీ మాట ఒకటే. అయినా రచయిత్రి దానిని స్వర్గం చేయలేదు. పాత నాగరికత మిగిల్చిన విషాలవల్ల పసిపిల్లలకు పుట్టుకతోనే జబ్బులు. వైద్యులమైన మాకు ఆ పుటలు కల్పనగా తోచలేదు.

మమ్మల్ని పట్టుకున్నది మాత్రం కథానాయిక బాల్యం. ఆమె తల్లి కెష్, తండ్రి కాండర్ అనే పరాయి యుద్ధజాతి సేనాని. అమ్మమ్మ వుంది, నాయనమ్మ లేదు. ఆ శాంతమూర్తుల పిల్లలే ఆమెను ‘సగం ఇంటిది’ అని ఏడిపిస్తారు. జైలు అక్కర్లేని ఊళ్లో సిగ్గూ, ఎత్తిపొడుపూ ఎంత పని చేస్తాయో మన పల్లెలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ బడిలో ‘అసలు మీది ఏ దేశం?’ అనిపించుకుని, సెలవుల్లో గుంటూరు వెళ్తే ‘అమెరికా పిల్ల’ అనిపించుకునే మన అమ్మాయిలకు యీ బాధ కొత్త కాదు.

ఇక్కడే మా ఫిర్యాదు. ఆమె తండ్రితో అతని దేశం వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు గోడల చాటున, బానిసలు కాళ్ల కింద, అందరి ధ్యాసా ఆయుధాలమీద. ఒక సగాన్ని ఇంత నల్లగా పూశాక రెండో సగానికి తిరిగిరావడంలో తేల్చుకోవలసినది ఏముంది? కూతురితో సహా తల్లి ఊరు చేరుతుంది, ఊరు చేర్చుకుంటుంది. మన పిల్లల రెండు సగాల్లోనూ మంచి వుంది, చెడూ వుంది. దేనిని వదలమని చెప్పగలం?

ఆమె తప్పించుకోవడానికి సాయం చేసేది ఆ తండ్రే. ఆ ఒక్క చోట కాండర్ మనిషిలో మనిషి కనబడతాడు. అతనికి ఇంకో ఇరవై పుటలు ఇచ్చివుంటే, నిఘంటువులో ఇరవై పుటలు తగ్గినా మేము బాధపడేవాళ్లం కాదు.

పుస్తకం అయిదువందల పుటలు దాటింది. హైస్కూలు పిల్లలకు ఇచ్చేవారు మూడు భాగాలుగా విడదీసి పెట్టిన యీ అమ్మాయి కథను ముందు చదివించి, తక్కినది తర్వాత చూడమనండి.