జాలి ఎవరి పక్షం?

ఇటీవల మా ఊళ్ళో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో జర్మన్ రచయిత బెర్న్‌హార్డ్ ష్లింక్ నవల ‘ది రీడర్’ గురించి మాట్లాడాను. ప్రసంగం అయ్యాక ఎం.ఏ. తెలుగు చదువుతున్న అమ్మాయి లేచి అడిగింది: “మాస్టారూ, తొంభై ఏడేళ్ళ ముసలావిడను చక్రాల కుర్చీలో కోర్టుకు తెచ్చి శిక్ష వేస్తే చచ్చిపోయినవాళ్ళకు ఒరిగేదేమిటి? దాన్ని న్యాయమనాలా, కక్ష అనాలా?” ఆమె అడిగింది నవలలోని హన్నా గురించి కాదు. 2022లో జర్మనీలో శిక్ష పడిన ఇర్మ్‌గార్డ్ ఫుర్చ్నర్ గురించి. అక్కడ నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు నవల సంగతి. 1995లో వెలువడిన ఈ నవలలో కథ చెప్పే మైఖేల్‌కు పదిహేనేళ్ళ వయసులో తనకంటే ఎంతో పెద్దదైన హన్నాతో సంబంధం ఏర్పడుతుంది. కొన్నేళ్ళకు, న్యాయశాస్త్ర విద్యార్థిగా, ఆమెను కోర్టు బోనులో చూస్తాడు. ఆమె నాజీ శిబిరంలో కాపలాదారు. బాంబు దాడిలో అంటుకున్న చర్చిలో బందీ స్త్రీలు కాలిపోతుంటే తలుపు తీయలేదన్నది అభియోగం. హన్నాకు చదవటం, రాయటం రాదు. అది బయటపడుతుందన్న సిగ్గుతో, తాను రాయని నివేదికను రాశానని ఒప్పుకొని యావజ్జీవ శిక్ష తెచ్చుకుంటుంది. జైల్లో చదువు నేర్చుకుంటుంది. విడుదల కావలసిన రోజు తెల్లవారుజామున ఉరి వేసుకుంటుంది.

శిల్పరీత్యా ఇది గట్టి నవల. కాని శిల్పం పాఠకుడి జాలిని ఎటు నడిపిస్తున్నదన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. చర్చిలో కాలిపోయిన స్త్రీలకు ఈ నవలలో పేర్లు లేవు, ముఖాలు లేవు. హన్నాకు మాత్రం సిగ్గు ఉంది, ఒంటరితనం ఉంది, వయసు ఉడిగిన శరీరం ఉంది. మైఖేల్ తన జాలిని తానే శంకించుకుంటాడనీ, ప్రాణాలతో మిగిలిన బాధితురాలు హన్నా పంపిన డబ్బును క్షమాపణగా స్వీకరించ నిరాకరిస్తుందనీ నేను మరచిపోలేదు. అయినా పుస్తకం మూశాక మన మనసులో మిగిలేది హన్నాయే.

హన్నా నిరక్షరాస్యత అసలు నేరస్థులైన చదువుకున్నవారి నుంచి మన దృష్టిని మళ్ళిస్తుందని అమెరికన్ రచయిత్రి సింథియా ఓజిక్ ఎప్పుడో ఆక్షేపించింది. బడిపంతులుగా నేను ఇంకొక మాట చేరుస్తాను. కొన్నేళ్ళపాటు రాత్రిబడిలో కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించాను. వేలిముద్ర వేయటానికి వాళ్ళు పడే సిగ్గు నాకు తెలుసు. కాని పక్కింటికి నిప్పంటుకుంటే బిందె పట్టుకుని పరుగెత్తటానికి వాళ్ళలో ఎవరికీ ఓనమాలు అవసరం కాలేదు. చదువు రాకపోవటాన్ని మానవత్వం లేకపోవటానికి సంకేతంగా వాడటం శ్రమజీవులను అవమానించటమే. చరిత్ర కూడా వేరే సాక్ష్యం చెబుతున్నది. 1942 జనవరిలో యూదుల నిర్మూలనను సమన్వయం చేయటానికి వాన్సేలో కూర్చున్న పదిహేనుమందిలో సగానికి పైగా డాక్టరేట్లున్నవాళ్ళు.

ఫుర్చ్నర్ హన్నాకు సరిగ్గా ఎదురుబొమ్మ. ఆమె స్టెనోగ్రాఫరు. అక్షరమే ఆమె వృత్తి. 1943 నుంచి 1945 దాకా, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ వయసులో, స్టుట్‌హోఫ్ శిబిరాధిపతి కార్యాలయంలో పనిచేసింది. ఆ కిటికీలోంచి ఏం కనబడేదో తెలుసుకోవటానికి న్యాయమూర్తులు స్వయంగా అక్కడికి వెళ్ళి చూశారు. 10,505 హత్యలకు తోడ్పడిందని నిర్ధారించి, రెండేళ్ళ శిక్ష వేసి, దాని అమలును నిలిపివేశారు. 2024లో జర్మనీ అత్యున్నత అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. 2025లో ఆమె చనిపోయింది.

దీనికి ఎదురు వాదాలు తేలికగా కొట్టివేయదగినవి కావు. అప్పుడామె చిన్నపిల్ల కదా అంటారు. నిజమే, అందుకే బాలనేరస్థుల చట్టం కింద విచారించారు. ఆమె పై అధికారి హోప్పెకు 1957లో పడింది తొమ్మిదేళ్ళు మాత్రమే, పెద్దచేపలు తప్పించుకున్నాక చిన్నచేపను పట్టుకోవటమేమిటని అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని పాలకులు పెద్దవాళ్ళను వదిలేశారంటే అడగవలసింది ఆ పాలకులను. ఆ అన్యాయం చిన్నవాళ్ళకు హక్కుపత్రం కాదు.

ఇక వయసు. ఇక్కడ పీటర్ వైస్ నాటకం ‘ది ఇన్వెస్టిగేషన్’ను గుర్తు చేయాలి. 1963-65 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ ఆష్‌విట్స్ విచారణ ఆధారంగా రాసిన ఈ నాటకాన్ని 1965 అక్టోబరులో రెండు జర్మనీలలో అనేక రంగస్థలాలపై ఒకేరోజు ప్రదర్శించారు. ఇందులో ముద్దాయిలకు పేర్లున్నాయి, సాక్షులకు లేవు. శిబిరం మనుషుల పేర్లు ఎలా ఊడబెరికిందో చెప్పే శిల్పమది. నాటకం చివరి మాటలు ఒక ముద్దాయివి. దేశం కోలుకుంది, ఎప్పుడో కాలం చెల్లవలసిన ఈ అభియోగాలు ఇక ఎందుకన్నది వాటి సారాంశం. గమనించండి, అప్పటికి యుద్ధం ముగిసి ఇరవయ్యేళ్ళే! “పాత సంగతులు ఇప్పుడెందుకు” అన్న వాదం నేరస్థులు ముసలివాళ్ళయ్యాక పుట్టింది కాదు. వాళ్ళు దిట్టంగా ఉన్న రోజుల్లోనే పుట్టి, వాళ్ళను ముసలివాళ్ళయ్యేదాకా కాపాడింది.

కాపాడినవాటిలో చట్టం కూడా ఉంది. శిబిరంలో ఉద్యోగం చేసినంత మాత్రాన హత్యలకు తోడ్పడినట్టు కాదని 1969లో పశ్చిమ జర్మనీ అత్యున్నత అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. 1979లో అక్కడి పార్లమెంటు హత్యానేరానికి కాలపరిమితి ఎత్తివేసింది. అయినా 2011లో డెమ్యాన్యుక్ కేసులో మ్యూనిక్ కోర్టు వేరే దారి పట్టేదాకా ఈ చిన్న ఉద్యోగులను పెద్దగా కదిలించినవారు లేరు. ఆలస్యం చేసింది బాధితులు కాదు. ఆ ఆలస్యాన్ని నేరస్థుడి ఖాతాలో జమకట్టటం ఏ ధర్మం?

క్షమ సంగతి వేరు. 2015లో ల్యూనెబర్గ్ కోర్టులో తొంభై నాలుగేళ్ళ ఓస్కార్ గ్రోనింగ్‌కు నాలుగేళ్ళ శిక్ష పడింది. ఆష్‌విట్స్‌లో బందీల డబ్బు లెక్కపెట్టిన గుమాస్తా అతడు. ఆ విచారణ సమయంలో, చిన్నతనంలో కవలలపై చేసిన ప్రయోగాలకు బలైన ఎవా కోర్ అతడిని క్షమించింది. తోటి బాధితులు కొందరు అభ్యంతరం చెప్పారు. క్షమించే హక్కు ఆమెది, నిరాకరించే హక్కు వాళ్ళది. పుస్తకం చేతబట్టుకు కూర్చున్న పాఠకుడికి మాత్రం ఆ హక్కు లేదు. గ్రోనింగ్ జైలుకు వెళ్ళకుండానే 2018లో మరణించాడు. కాని తీర్పు మిగిలింది.

అంచేత ఆ అమ్మాయికి నా జవాబు ఇది. విచారణ వేరు, చెరసాల వేరు. తనమీద ఏం మోపుతున్నారో గ్రహించలేని స్థితిలో ఉన్నవారిని విచారించకూడదు. మతి తప్పిన ఖ్మేర్ రూజ్ నాయకురాలు ఇయెంగ్ థిరిత్ విచారణను 2011లో కంబోడియా న్యాయస్థానం ఆపివేసింది, అది సబబే. శిక్ష ఎంతన్నప్పుడు వయసును చూడవచ్చు, ఫుర్చ్నర్ విషయంలో చూశారు కూడా. జాలికి చోటు అక్కడ. కోర్టు గుమ్మం దగ్గర కాదు. చనిపోయినవాళ్ళకు ఏమీ ఒరగదు, నిజమే. కాని జరిగినదంతా సాక్షుల ఎదుట నమోదవుతుంది. రేపు ఏదో ఒక కార్యాలయంలో కూర్చుని అలాంటి ఉత్తరువును టైపు చేయబోయే చేతికి అది హెచ్చరిక.

రచయితలకు ఒక మనవి. నేరస్థుడి ముడతలు రాయండి, అతడూ మనిషే. కాని తలుపు అవతల ఉన్నవాళ్ళకు కూడా ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు పెట్టండి. జాలి ఎటు పోవాలో అప్పుడు పాఠకుడే తేల్చుకుంటాడు.