కట్టేసిన పొర, వదిలేసిన పొర

స్పిన్ అనే గుణం వల్ల ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతం. అయస్కాంత లోహంలో అది సాఫీగా సాగుతుందా, దారిలో చెదురుతుందా అన్నది దాని స్పిన్ ఎటు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 1988లో ఫ్రాన్స్‌లో అల్బేర్ ఫెర్ట్ బృందం, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందం ఇనుము, క్రోమియం పొరలు పేర్చి ఈ సంగతిని విద్యుత్ నిరోధంలో పట్టుకున్నాయి. ఫెర్ట్ నమూనాలో నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. కాకపోతే అందుకు ద్రవ హీలియమంత చలి, 2 టెస్లాల అయస్కాంత క్షేత్రం కావలసి వచ్చాయి. ఆ ఇద్దరికీ 2007లో నోబెల్ దక్కింది.

అసలు పనితనం 1991లో ఐబీఎం పరిశోధకులు చేసిన స్పిన్ వాల్వ్‌లో కనిపిస్తుంది. అందులో నిరోధం మారేది 5 శాతమే. కానీ అది గది ఉష్ణోగ్రత దగ్గరే, రెండువేల రెట్లు బలహీనమైన క్షేత్రానికే మారుతుంది. ఎలాగో పొర పొరా చూడాలి.

నికెల్, ఇనుము కలిసిన మిశ్రమం రెండు పొరలు, ఒక్కోటి 15 నానోమీటర్లు. వాటి అయస్కాంత దిశలు ఒకటైతే అనువైన స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు రెండింటినీ సులువుగా దాటేస్తాయి; ఎదురెదురైతే ఏ స్పిన్‌కైనా ఎక్కడో ఒకచోట అడ్డు తప్పదు, నిరోధం పెరుగుతుంది. మధ్యలో 2.6 నానోమీటర్ల రాగి, అంటే సుమారు పన్నెండు పరమాణువుల మందం. ఇంకా పలచనైతే పై పొర, కింది పొర ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మరీ మందమైతే ఎలక్ట్రాన్లు అవతలికి చేరేలోపే చెదిరిపోతాయి.

పై పొరను ఆనుకుని ఇనుము-మాంగనీస్ ఉంది. దాని పరమాణువుల అయస్కాంతాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక బయటి క్షేత్రానికి అది లొంగదు. తనను తాకిన పొరను మాత్రం గుంజకు కట్టిన ఎద్దులా పట్టి ఉంచుతుంది. కింది పొరకు ఏ కట్టూ లేదు. చిన్న క్షేత్రం తగిలినా తిరిగిపోతుంది.

హార్డ్ డిస్కు చదివే హెడ్‌లో ఈ నేర్పు ఇంకో మెట్టెక్కింది. క్షేత్రం లేనప్పుడు రెండు పొరల దిశలూ ఒకదానికొకటి లంబంగా ఉండేలా అమర్చారు. డిస్కు మీది అయస్కాంత గుర్తు ఎటు లాగుతుందన్నదాన్ని బట్టి నిరోధం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. 1997లో ఐబీఎం ఇలాంటి హెడ్‌తో 16.8 గిగాబైట్ల డిస్కు తెచ్చింది.

అంతకు ముందే, 1993లో ఐబీఎం పరిశోధకుడు స్టువర్ట్ పార్కిన్, మిశ్రమమూ రాగీ కలిసే అంచున అతి పలచగా కోబాల్ట్ వేస్తే ఫలితం బాగా పెరుగుతుందని చూపాడు. పొరల మందం ఎంత చూసుకున్నా, ఫలితంలో ఎక్కువ భాగాన్ని తేల్చేది ఆ అంచే.